డెబియన్ 13 అయింది, డేటాబేస్ మాత్రం 15 దగ్గరే ఉంది!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ (డెబియన్ లాంటి లైనక్స్) మార్చాం, దాంతోపాటు వచ్చే డేటాబేస్ (పోస్ట్‌గ్రెస్, మారియాడీబీ, మైఎస్‌క్యూఎల్ లాంటివి) సంగతి ఏంటని. అందుకే ప్రింటర్ల బాధలు, వైఫై బాధలు వచ్చే నెలకి తోసేసి, ఇదొక్కటే పట్టుకుంటున్నాను. కమాండ్ల పేర్లు మన పత్రికలో తెలుగు అక్షరాల్లోనే వేస్తాం. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్నబడిలో టైప్ చేయండి, పోయిన నెల ఒకాయన తెలుగులోనే కొట్టి పనిచేయలేదని రాశారు.

ప్రశ్న: అన్నా, మా డయాగ్నస్టిక్ ల్యాబ్ రిపోర్టుల సర్వర్‌ని డెబియన్ 12 నుంచి 13కి మార్చాను. రిపోర్టులు బాగానే వస్తున్నాయి. కానీ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ అడిగితే ఇంకా 15 అనే చెప్తోంది. డెబియన్ 13లో 17 వస్తుందని చదివాను కదా! పైగా డేటాబేస్‌లోకి వెళ్లిన ప్రతిసారీ కొలేషన్ (అక్షరాల వరస) వెర్షన్ కలవడం లేదని ఒక హెచ్చరిక. ఎక్కడ తప్పు చేశాను? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పేమీ చేయలేదు తమ్ముడూ, సగం పని చేసి ఆగావు, అంతే. ఆ మిగతా సగం డెబియన్ కావాలనే నీకు వదిలేసింది.

పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద వెర్షన్ మారితే (15 నుంచి 17 అన్నట్టు) డిస్కు మీద డేటా రాసుకునే తీరు మారిపోతుంది, 15 రాసిన ఫోల్డర్‌ని 17 నేరుగా తెరవలేదు. మరి ప్యాకేజీ మార్చేటప్పుడే డేటాని కూడా మార్చేయొచ్చుగా అంటావు. వంద గిగాబైట్ల డేటా, డిస్కులో ఖాళీ లేదు, మధ్యలో ఆగిపోయింది అనుకో, అప్పుడు అటూ కాదు ఇటూ కాదు. అందుకని డెబియన్ వాళ్లు పాతదాన్ని ముట్టుకోకుండా, పక్కనే కొత్తది పెడతారు. ఇప్పుడు నీ మెషీన్‌లో రెండు పోస్ట్‌గ్రెస్‌లు ఉన్నాయి. పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్ అని కొట్టి చూడు: 15 మెయిన్ అని ఒకటి 5432 పోర్టు (అప్లికేషన్ డేటాబేస్‌ని చేరే తలుపు నంబరు) మీద, 17 మెయిన్ అని ఇంకొకటి 5433 మీద కనిపిస్తాయి. మొదటిదాంట్లో మీ పేషెంట్లందరూ ఉన్నారు. రెండోది ఖాళీ ఇల్లు, ఇంకా పాలు కూడా పొంగించలేదు.

ఇలాగే ఉండనిస్తే ఏమవుతుంది? ఈరోజుకి ఏమీ కాదు. పోస్ట్‌గ్రెస్ తయారు చేసేవాళ్లు ఒక్కో పెద్ద వెర్షన్‌కి ఐదేళ్లు మరమ్మతులు ఇస్తారు, 15కి 2027 నవంబరు వరకూ ఉంది. కానీ డెబియన్ 13 భండారంలో 15 లేదు, కాబట్టి ఆ మరమ్మతులు నీ సర్వర్ దాకా రావు. ఆ లెక్కన నీది అనాథ ప్యాకేజీ. ల్యాబ్ రిపోర్టులంటున్నావు, అలా వదిలేయకు.

ఇక పని. ముందు పీజీ_డంప్‌ఆల్‌తో మొత్తం డంప్ (డేటా అంతా ఫైల్లోకి రాసుకున్న కాపీ) తీసి ఇంకో మెషీన్‌లోకో, బయటి హార్డ్ డిస్కులోకో కాపీ చెయ్యి. ఒక్కో డేటాబేస్‌కి పీజీ_డంప్ చాలదా అంటే చాలదు, అందులో యూజర్లూ పాస్‌వర్డ్‌లూ రావు. మ్యాపులకు వాడే పోస్ట్‌జీఐఎస్ లాంటి అదనపు ఎక్స్‌టెన్షన్లు ఏవైనా వాడుతుంటే వాటి 17 ప్యాకేజీలు ముందే ఇన్‌స్టాల్ చేసుకో, లేకపోతే సగంలో ఆగి అరుస్తుంది. డిస్కులో డేటాకి సమానమైన ఖాళీ ఉందో లేదో చూసుకో. ల్యాబ్ మూసేశాక రాత్రి పూట కూర్చో, అప్లికేషన్ ఆపెయ్.

తర్వాత ఆ ఖాళీ 17ని పీజీ_డ్రాప్‌క్లస్టర్‌తో తీసేయాలి, ఎందుకంటే కొత్త డేటా ఆ పేరుతోనే, ఆ చోటే దిగాలి. ఇక్కడ మాత్రం చేయి ఆపి, ఏ నంబరు కొట్టావో రెండుసార్లు చదువు. ఈ కమాండ్ "నిజంగా తీసేయమంటారా" అని అడగదు. కొన్నేళ్ల కింద ఒక చిన్న ఆఫీసు సర్వర్ మీద నేను నిద్రమత్తులో కొత్త నంబరు బదులు పాత నంబరు కొట్టాను. ఎంటర్ నొక్కిన రెండు సెకన్లకి డేటా లేదు. అంతకుముందు అరగంట కిందే డంప్ తీసి ఉండబట్టి బతికాను, ఆ అరగంటలో ఎవరూ ఏమీ ఎక్కించకపోవడం నా అదృష్టం. ఈ సంగతి ఆ ఆఫీసు వాళ్లకి ఈరోజుకీ తెలియదు (ఈ పత్రిక వాళ్లు చదవరనే నమ్మకం).

ఖాళీ 17 పోయాక పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ 15 మెయిన్ అని కొట్టు. అది 15లోంచి డేటా అంతా తీసి 17లోకి పోసి, పోర్టులు తారుమారు చేస్తుంది. 5432 ఇక కొత్తదానిది. అప్లికేషన్ సెట్టింగులు మార్చాల్సిన పని లేదు. పాతది ఆగిపోయి ఉంటుంది, పోదు. మామూలుగా ఇది డంప్ తీసి తిరిగి పోసే పద్ధతి, నిదానం. మైనస్ ఎమ్ అప్‌గ్రేడ్ అని జోడిస్తే పీజీ_అప్‌గ్రేడ్ అనే వేగమైన దారిలో పోతుంది, ఫైళ్లనే ఉన్నవున్నట్టు కాపీ చేస్తుంది. నీ డేటా పది ఇరవై గిగాబైట్లే అయితే నిదానం దారే మేలు. కారణం నీ రెండో ప్రశ్నలోనే ఉంది.

ఆ కొలేషన్ హెచ్చరిక ఎందుకంటే, ఏ అక్షరం ముందు ఏది వెనక అనే వరస పోస్ట్‌గ్రెస్ సొంతంగా పెట్టుకోదు, సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. డెబియన్ 12లో అది 2.36, 13లో 2.41. డేటాబేస్ అదే, కింద నేల మారింది. నిదానం దారిలో ఇండెక్స్‌లన్నీ (వెతకడానికి వరసలో పేర్చుకున్న జాబితాలు) కొత్తగా కట్టుకుంటుంది కాబట్టి ఈ గొడవ దానంతట అదే పోతుంది. వేగం దారిలో పాత ఇండెక్స్‌లే యథాతథంగా వస్తాయి, ఆ తర్వాత నువ్వే రీఇండెక్స్ చేయాలి, అంటే వాటిని మళ్లీ కట్టాలి. చేయకపోతే ఏమవుతుందో కింది ఉత్తరం చూడు.

చివర్లో ఆ కమాండ్ తనే వ్యాక్యూమ్‌డీబీతో ఎనలైజ్ (డేటా తీరుతెన్నుల లెక్కలు తీసుకోవడం) నడుపుతుంది, అది పూర్తి కాకపోతే నువ్వే ఒకసారి కొట్టు, లేకపోతే మర్నాడు పొద్దున "కొత్తది పాతదానికంటే స్లో" అని నాకు ఇంకో ఉత్తరం రాస్తావు. ఒక వారం వాడి, నెలాఖరు లెక్కలు కూడా ఒకసారి తీసి చూసుకుని, అప్పుడు 15ని తొలగించు. వాడుకలో లేని ప్యాకేజీలన్నీ ఒక్క దెబ్బకి తుడిచేసే చిట్కాలు నెట్‌లో తిరుగుతుంటాయి, వాటిని మాత్రం ఈ వారం రోజులూ ముట్టుకోకు. నీ 15 ఆ జాబితాలోనే ఉంటుంది.

ప్రశ్న: సెంటాస్ 7కి మరమ్మతులు ఆగిపోయాయని మా సొసైటీ సభ్యుల డేటాబేస్‌ని కొత్త సర్వర్‌కి మార్చాం. కొత్తదాంట్లో రాకీ లైనక్స్ 9. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ రెండింటిలోనూ ఒకటే ఉంచాం కాబట్టి డేటా ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేశాం. చక్కగా లేచింది. కానీ కొందరు సభ్యుల పేర్లు వెతికితే లేరంటోంది, మొత్తం జాబితా తీస్తే ఉంటున్నారు! ఒకే సభ్యుడు రెండుసార్లు నమోదైన కేసులు కూడా వచ్చాయి, ఆ కాలమ్ మీద యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు పడకూడదనే నియమం) ఉన్నా సరే. హార్డ్ డిస్క్ పోయిందంటారా? (హైదరాబాద్, కూకట్‌పల్లి)

జవాబు: డిస్కు బంగారంలా ఉంది. నిఘంటువులో అక్షరాల వరస మారింది.

మన పెద్దబాలశిక్ష లెక్కలో క్ష ఎక్కడుంటుంది? హ, ళ తర్వాత, చివర్లో. కానీ కొన్ని నిఘంటువుల్లో క్షమ, క్షేత్రం లాంటి మాటలు క కిందే ఉంటాయి, క-కి ష ఒత్తే కదా అని. రెండు పద్ధతులూ తప్పు కాదు. కానీ క కింద పేర్చిన పుస్తకాన్ని ఒకరి చేతిలో పెట్టి, క్ష చివర్లో ఉంటుందని నమ్మే మనిషిని వెతకమంటే, నేరుగా చివరి పేజీలకి వెళ్లి "ఈ మాట లేదు" అని పుస్తకం మూసేస్తాడు. మాట పుస్తకంలోనే ఉంది. ఆయన చూసిన చోట లేదు.

మీ దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. ఇండెక్స్ అంటే వరసలో పేర్చిన జాబితా. సెంటాస్ 7లో జీలిబ్‌సీ 2.17, రాకీ 9లో 2.34. మధ్యలో 2018లో వచ్చిన 2.28లో అక్షరాల వరస నియమాలు పెద్ద ఎత్తున మార్చారు. తెలుగు పేర్ల వల్లే వచ్చింది అనుకోకండి, ఇంగ్లీషు పేర్ల మధ్య హైఫన్లు, ఇతర గుర్తులు ఉన్నా వరస మారిపోతుంది. పాత వరసలో పేర్చిన ఇండెక్స్‌ని కొత్త వరసలో వెతికితే కొన్ని దొరకవు. దొరకని సభ్యుణ్ణి "లేడు కదా" అని మళ్లీ చేర్చుకుంటుంది, యూనిక్ ఉన్నా సరే, ఎందుకంటే యూనిక్ చూసేదీ అదే ఇండెక్స్‌లో. డెబియన్ వాళ్లు 10వ వెర్షన్‌కి మారినప్పుడు, 2019లో, చాలామంది ఇదే గోతిలో పడ్డారు. పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి రెప్లికేషన్ (ఎప్పటికప్పుడు నకలు తీసుకునే ఏర్పాటు) పెట్టి తర్వాత అటు మళ్లించినా ఇంతే, ఫైలు స్థాయిలో కాపీ అయ్యేది ఏదైనా ఇంతే.

ఇప్పుడు చేయాల్సింది: ముందు కొత్త నమోదులు ఆపండి, ప్రతి గంటా డూప్లికేట్లు పెరుగుతాయి. రెండోసారి పడ్డ పేర్లను వెతికి, ఏది అసలు ఏది నకలు అని మనిషి కూర్చుని తేల్చాలి, దీనికి షార్ట్‌కట్ లేదు. వెతికేటప్పుడు ఇండెక్స్ స్కాన్లు ఆఫ్ చేయండి, లేకపోతే అదే అబద్ధం మళ్లీ చెప్తుంది. నకళ్లు పోయాక అక్షరాల కాలమ్‌ల మీదున్న ఇండెక్స్‌లన్నిటికీ రీఇండెక్స్. నకలు ఒక్కటి మిగిలినా యూనిక్ ఇండెక్స్ కట్టనని మొరాయిస్తుంది, అది మంచిదే. ఎక్కడెక్కడ చెడిందో ముందే చూసుకోవాలంటే ఏఎమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్ పోస్ట్‌గ్రెస్‌తోనే వస్తుంది.

వెర్షన్ ఒకటే కాబట్టి ఫోల్డర్ కాపీ చాలు అనుకోవడం చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటే. డంప్ తీసి పోసి ఉంటే రెండు గంటలు ఎక్కువ పట్టేది, ఈ తలనొప్పి ఉండేది కాదు. సరే, అయిందేదో అయింది.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం, డెబియన్ 12 మీద. 13కి మారితే మారియాడీబీ 10.11 నుంచి 11.8కి దానంతట అదే మారిపోతుందని మా కంప్యూటర్స్ లెక్చరర్ అంటున్నారు. మా ఊళ్లో కరెంటు సంగతి మీకు తెలిసిందే. ధైర్యం చేయమంటారా? (విజయనగరం జిల్లా నుంచి ఒక లైబ్రేరియన్)

జవాబు: మేడమ్, లెక్చరర్ గారు చెప్పింది నిజమే. పోస్ట్‌గ్రెస్‌లా పక్కన ఇంకోటి పెట్టడం మారియాడీబీలో ఉండదు, ఉన్నచోటే, ఉన్న ఫైళ్ల మీదే కొత్తది కూర్చుంటుంది. సుఖం ఏమిటంటే మీరు చేయాల్సిన పని తక్కువ. కష్టం ఏమిటంటే వెనక్కి దారి లేదు. 11.8 ముట్టుకున్న ఫైళ్లను మళ్లీ 10.11తో తెరవొచ్చన్న హామీ లేదు.

మీరు కరెంటు గురించి అడిగారు చూడండి, అది సరైన భయం. డెబియన్ 13 విడుదల గమనికల్లో కూడా దీని గురించి ప్రత్యేకంగా రాశారు. మామూలు రోజుల్లో కరెంటు పోయి వస్తే మారియాడీబీ లేచేటప్పుడు తన లాగ్ చూసుకుని, సగంలో ఆగిన పనుల్ని సర్దుకుంటుంది. కానీ ఒక వెర్షన్‌లో సగంలో ఆగిన పనిని ఇంకో పెద్ద వెర్షన్ సర్దలేదు. 10.11 నడుస్తుండగా టప్పున ఆగిపోతే మళ్లీ 10.11తోనే లేపి, సర్దుకోనిచ్చి, పద్ధతిగా ఆపి, ఆ తర్వాతే 11.8 జోలికి వెళ్లాలి.

కాబట్టి ఇలా చేయండి. మొట్టమొదట, మీరు వాడే కోహా వెర్షన్‌కి డెబియన్ 13తో పొసగుతుందో లేదో కోహా వాళ్ల విడుదల గమనికల్లో చూడండి, పొసగకపోతే ముందు కోహాని పైకి తీసుకురావాలి. తర్వాత కోహా-డంప్ కమాండ్‌తో బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లోకి. సర్వర్‌కి కనీసం గంట నిలబడే యూపీఎస్ ఉండాలి, బ్యాటరీ ఎన్నేళ్లదో ఒకసారి అడగండి, మూడేళ్లు దాటిన బ్యాటరీ మీద నాకైతే నమ్మకం లేదు. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు సిస్టమ్‌సీటీఎల్‌తో మారియాడీబీని మీరే ఆపి, ఆగిందని లాగ్‌లో చూసుకుని, అప్పుడు మొదలుపెట్టండి. సెలవు రోజు చేయండి, పుస్తకాలు తిరిగివ్వడానికి పిల్లలు వచ్చే రోజు కాదు.

ఇంకో మాట, మీది అర్జెంటు కాదు. డెబియన్ 12కి దీర్ఘకాల మద్దతు 2028 జూన్ దాకా ఉంది. ఎండాకాలం కోతలు పోయాక నింపాదిగా చేసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి నేర్పిద్దామని డెబియన్‌లో మైఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేస్తే మారియాడీబీ వచ్చింది. నేను చదువుకున్నప్పుడు అన్నిచోట్లా మైఎస్‌క్యూఎలే. ఎవరు మార్చారు, ఎందుకు? (గుంటూరు)

జవాబు: ఇదొక కుటుంబ కథ. మైఎస్‌క్యూఎల్ మొదట రాసినవాళ్లలో మాంటీ విడేనియస్ అనే ఫిన్లాండ్ ఆయన ఉన్నాడు, కూతురు మై పేరు పెట్టాడు. 2008లో ఆ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ వంద కోట్ల డాలర్లకి కొంది. 2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ఒరాకిల్ అమ్మేదే డేటాబేస్, ఉచితంగా వచ్చే ఇంకో డేటాబేస్ దాని చేతికొస్తే ఏమవుతుందోనని చాలామందికి అనుమానం. మాంటీ అంతకుముందే, 2009లో, అదే కోడ్ తీసుకుని వేరు కాపురం పెట్టాడు. దానికి చిన్న కూతురు మారియా పేరు.

డిస్ట్రిబ్యూషన్లు (డెబియన్, ఫెడోరా లాంటి లైనక్స్ రకాలు) అటు మొగ్గడానికి కారణం సెంటిమెంటు కాదు. ఒక సెక్యూరిటీ లోపం బయటపడితే కోడ్‌లో ఏ లైను మార్చారో, ఎలా పరీక్షించారో ప్యాకేజీ చేసేవాళ్లకి తెలియాలి. ఒరాకిల్ చేతికి వెళ్లాక ఆ వివరాలు బయటికి రావడం తగ్గింది. ఫెడోరా 2013లో, రెడ్‌హ్యాట్ 7 2014లో, డెబియన్ 9 2017లో మారియాడీబీని డిఫాల్ట్ చేశాయి. ఉబుంటులో మాత్రం ఇప్పటికీ మైఎస్‌క్యూఎలే.

మీ అబ్బాయి సెలెక్ట్, జాయిన్ నేర్చుకోవడానికి ఏదైనా ఒకటే. కానీ "రెండూ ఒకటే, ఇటుది అటు పెట్టొచ్చు" అనే పాత మాట ఇప్పుడు నమ్మకండి, అది 5.5 రోజుల మాట. మైఎస్‌క్యూఎల్ 8 డేటా ఫైళ్లను మారియాడీబీ తెరవలేదు. డంప్ తీసుకెళ్లినా, 8లో డిఫాల్ట్‌గా వచ్చే 0900 కొలేషన్ పేరు పాత మారియాడీబీలకు తెలియదు, మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: అమెరికాలో మా తెలుగు సంఘానికి పద్యాల పోటీల వెబ్‌సైట్ ఉంది. ఉబుంటు 18.04 నుంచి 20.04కి మారగానే ముందు మైఎస్‌క్యూఎల్ లేవలేదు, ఎలాగో లేపితే ఫలితాల పేజీ ఒక్కటే ఎర్రర్ ఇస్తోంది. మిగతావన్నీ బాగున్నాయి. 22.04, 24.04 దాకా వెళ్లాలని ప్లాన్. (డాలస్)

జవాబు: మీ మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కి ఎగిరింది. లేవకపోవడానికి కారణం చాలావరకు మీ సెట్టింగుల ఫైల్లో క్వెరీ క్యాష్ (ఒకసారి ఇచ్చిన జవాబుని దాచుకుని మళ్లీ ఇచ్చే సదుపాయం) లైన్లు. 8.0లో క్వెరీ క్యాష్‌ని పూర్తిగా తీసేశారు, తెలియని మాట కనపడితే సర్వర్ మొండికేస్తుంది. మీరు ఎలాగో లేపారు అంటే ఆ లైన్లు తీసేసే ఉంటారు.

ఫలితాల పేజీ సంగతి చూడకుండానే చెప్తాను: ఆ టేబుల్లో ర్యాంక్ అనే కాలమ్ ఉంది, అవునా? 8.0లో ర్యాంక్ అనేది రిజర్వుడు మాట (డేటాబేస్ తన వాడకానికి ఉంచుకున్న మాట) అయింది. గ్రూప్స్, సిస్టమ్ కూడా. కోడ్‌లో ఆ పేరుకి రెండు పక్కలా బ్యాక్‌టిక్ (వెనక్కి వాలిన ఒంటి కోట్ గుర్తు) పెట్టండి, లేదా కాలమ్ పేరే మార్చేయండి. నేనైతే పేరు మారుస్తాను, బ్యాక్‌టిక్ మర్చిపోయిన చోటు ఎప్పుడో ఒకప్పుడు ఫలితాలు ప్రకటించే రోజే బయటపడుతుంది.

మీరు అడగలేదు గానీ పాత తెలుగు సైటు కాబట్టి చెప్తున్నా. 24.04కి వెళ్లే ముందు పద్యాల టేబుల్ ఏ క్యారెక్టర్ సెట్‌లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఉందో చూడండి. పాత సైట్లలో చాలావాటిలో టేబుల్ లాటిన్1 (పశ్చిమ యూరప్ భాషల అక్షరాలకే సరిపోయేది) అని ఉంటుంది, లోపల యూటీఎఫ్8 తెలుగు ఉంటుంది. రాసేవాడూ చదివేవాడూ ఒకే అబద్ధం చెప్పుకున్నంత కాలం తెరమీద తెలుగు బాగానే కనిపిస్తుంది. 8.0 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్8ఎమ్‌బీ4, ఒక పక్క నిజం మొదలవుతుంది, పద్యాలన్నీ నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు ఏ అక్షరాలైపోతాయి. అలా అయితే కంగారుపడి కన్వర్ట్ కొట్టకండి, రెండోసారి కన్వర్ట్ అయితే విప్పడం నరకం. కాలమ్‌ని ముందు బ్లాబ్‌గా (అక్షరాలని చూడకుండా ఉత్త బైట్లుగా దాచే రకం) మార్చి, తర్వాత బ్లాబ్ నుంచి యూటీఎఫ్8ఎమ్‌బీ4 టెక్స్ట్‌గా మార్చండి, లోపలి బైట్లు కదలవు. ముందు ఒక్క టేబుల్ కాపీ మీద చేసి చూడండి.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ 18 వచ్చేసింది, డెబియన్ 13లో 17 ఏంటండీ, ఎప్పుడూ పాతదేనా? (తిరుపతి)

జవాబు: డెబియన్ 13 విడుదలైంది 2025 ఆగస్టు 9న. పోస్ట్‌గ్రెస్ 18 వచ్చింది సెప్టెంబరు 25న. ఫ్రీజ్ (విడుదలకి ముందు మార్పులు ఆపేయడం) పెట్టాక కొత్త పెద్ద వెర్షన్లు రానివ్వరు, విడుదలయ్యాక అసలే రానివ్వరు. 17కి వచ్చే చిన్న మరమ్మతులు మాత్రం వస్తుంటాయి. 18 కావాలంటే పోస్ట్‌గ్రెస్ వాళ్లదే సొంత ఏపీటీ భండారం ఉంది, డెబియన్ ప్యాకేజీలు చూసే మనుషులే దాన్నీ చూస్తారు, నమ్మొచ్చు. 18లో నాకు నచ్చింది, పీజీ_అప్‌గ్రేడ్ చేశాక స్టాటిస్టిక్స్ పోకుండా ఉంటాయి, ఖమ్మం తమ్ముడికి చెప్పిన ఎనలైజ్ బాధ చాలావరకు తప్పుతుంది. మీకు 18లో ఫలానాది కావాలి అని పేరు పెట్టి చెప్పగలిగితే మారండి. లేదంటే 17కి 2029 నవంబరు దాకా టైముంది, ఉండనివ్వండి.